పచ్చ స్టిక్కర్, ఎర్ర స్టిక్కర్



నేను మీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని, ఐదో తరగతికి క్లాస్ టీచర్‌ని. మన న్యూస్‌లెటర్‌లో నాలాంటి వాళ్లం ఎప్పుడూ ఇంగ్లిష్ పేజీల్లోనే రాస్తాం. ఈ నెల మాత్రం తెలుగు పేజీ అడిగి తీసుకున్నాను. దానికి రెండు కారణాలు. మొదటిది, రాయబోయేది తిండి గురించి. తిండి మాటలు నాకు తెలుగులో వచ్చినట్టు ఇంగ్లిష్‌లో రావు. రెండోది, నేను చేసిన ఒక తప్పు మీ ముందు ఒప్పుకోవాలి. అలాంటి మాట ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పుకుంటేనే బాగుంటుంది.

అక్టోబర్ 16 ప్రపంచ ఆహార దినోత్సవం. ఆ వారం మా క్లాసులో గోడకి ఒక చార్ట్ అతికించాను. పైన 'మన భోజనం, మన భూమి' అని రాశాను. రోజూ లంచ్ టైమ్‌లో పిల్లలు బాక్సులు తెరిచి చూపించాలి. పప్పు, కూరగాయలు, పండ్లు ఉంటే పేరు పక్కన పచ్చ స్టిక్కర్. చిప్స్, ప్యాకెట్ బిస్కెట్లు, మాంసం ఉంటే ఎర్ర స్టిక్కర్. మాంసం వల్ల గాలిలోకి చేరే గ్రీన్‌హౌస్ వాయువులు ఎక్కువని ఎక్కడో చదివాను కదా, అదే పిల్లలకి చెప్పాను. మూడో రోజుకి చార్ట్ అంతా పచ్చబడింది. ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులో కూడా పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు.

నాలుగో రోజు సోమవారం. ఒక బాబు బాక్స్ మూత సగమే తెరిచి, ఒళ్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి తింటున్నాడు. దగ్గరికి వెళ్లేసరికి మూత పెట్టేశాడు. "ఆకలి లేదు మ్యామ్" అన్నాడు. మర్నాడు వాడి డైరీలో వాళ్లమ్మ గారు రాసిన నోట్ వచ్చింది. ఆదివారం వాళ్ల అత్తగారు ఊరి నుంచి వచ్చి మనవడి కోసం మటన్ వండారట. పిల్లవాడు ముట్టుకోలేదట. "నువ్వు భూమిని పాడు చేస్తున్నావు నానమ్మా" అన్నాడట. సోమవారం ఆ మటనే కాస్త బాక్సులో పెట్టి పంపారు. ఆ పెద్దావిడ ఇంకా చిన్నబుచ్చుకునే ఉన్నారు. చివర ఒక్క వాక్యం: "మేడమ్, మీరు పిల్లలకి ఏం నేర్పుతున్నారు?"

ఆ సాయంత్రమే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. పెద్దావిడతో కూడా మాట్లాడాను. మర్నాడు చార్ట్ తీసేశాను. కానీ ఆ అమ్మగారి ప్రశ్న నన్ను వదల్లేదు. మూడు వారాలుగా దాని గురించి చదివాను, తోటి టీచర్లతో మాట్లాడాను, మా ఇంటి సంగతులు గుర్తు చేసుకున్నాను. ఇది ఆ ప్రశ్నకి నాకు తోచిన జవాబు.

నా లెక్క ఎక్కడ తప్పింది

మొదట లెక్క సంగతి. కిలోకి కిలో పోలిస్తే పప్పు కంటే మటన్ వల్ల భూమికి భారం చాలా ఎక్కువ. అందులో అబద్ధం లేదు. కానీ ఆ బాబు తినేది వారానికి ఒక పూట, రెండు మూడు ముక్కలు. అమెరికాలో ఒక మనిషి వాటాకి ఏడాదికి 100 కిలోలకు పైగా మాంసం వస్తుంది. మన దేశ సగటు అందులో పదో వంతు కూడా ఉండదు. 2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన శాంపుల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులే. అంటే మనవాళ్లలో దాదాపు అందరూ తింటారు, కానీ కొద్దికొద్దిగా తింటారు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ 2024 లివింగ్ ప్లానెట్ నివేదికలో ఒక అంచనా వేసింది. ప్రపంచమంతా మన దేశ సగటు పద్ధతిలో తింటే 2050 నాటికి 0.84 భూమి సరిపోతుంది. అమెరికా పద్ధతిలో తింటే 5.5 భూములు కావాలి. ఇన్నాళ్లూ ఇలా తిని ఈ సగటుని నిలబెట్టిన తరం ఆ నానమ్మది. ఆవిడ వంటకి ఎర్ర స్టిక్కర్ అతికించే అర్హత నాకెక్కడిది?

ఇక పద్ధతి సంగతి. మన దేశంలో ఎవరు ఏం తింటారన్న మాట వెనుక కులం ఉంది, మతం ఉంది, ప్రాంతం ఉంది. పదేళ్ల పిల్లలు ఆ గొడవల్లోకి ఇంకా పూర్తిగా దిగలేదు. వాళ్ల చేతికి 'వాతావరణం' పేరుతో కొత్త కర్ర ఒకటి నేనే ఇచ్చాను. రెండు రోజుల్లోనే ఒకరి బాక్స్ చూసి ఒకరు "రెడ్, రెడ్" అని అరవడం మొదలుపెట్టారు. పచ్చ స్టిక్కర్ కోసం బీన్స్ కూర తెచ్చుకున్న ఒక పాప స్టిక్కర్ పడ్డాక ఆ కూరని డస్ట్‌బిన్‌లో పారబోయడం కళ్లారా చూశాను. చార్ట్ మీద పచ్చ, డబ్బాలో చెత్త. అలవాటు మారలేదు. దాచుకోవడం, నటించడం మాత్రం నేర్చుకున్నారు.

అలవాటు ఎక్కడ పుడుతుంది

మరి తిండి అలవాటు ఎలా వస్తుంది? మనం అనుకునే దానికంటే చాలా ముందే వస్తుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మోనెల్ కేంద్రం శాస్త్రవేత్త జూలీ మెనెల్లా, ఆమె సహచరులు 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరు గర్భిణులకు చివరి నెలల్లో క్యారెట్ రసం ఇచ్చారు. కొందరికి మంచినీళ్లే ఇచ్చారు. తర్వాత పిల్లలు అన్నప్రాశన వయసుకి వచ్చినప్పుడు క్యారెట్ కలిపిన ఆహారం పెట్టి చూశారు. కడుపులో ఉండగా ఆ రుచి అందిన పిల్లలు మిగతావాళ్ల కంటే తక్కువగా ముఖం చిట్లించారు. తల్లి తిన్నదాని రుచి బిడ్డకి చేరుతుందని మన ముసలమ్మలు అనే మాటకి ఇది ఒక రుజువు.

పుట్టాక అలవాటు చేసేది పదే పదే ఎదురవడం. కొత్త రుచిని పిల్లలు మొదట వద్దనడం సహజం. ఒకసారి పెట్టి, "మావాడికి నచ్చలేదు" అని ఆపేస్తాం. కానీ బలవంతం లేకుండా కొంచెం కొంచెం ఎనిమిదిసార్లో, పదిసార్లో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసార్లో ఎదురైతే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారని ఎన్నో పరిశోధనలు చెబుతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు అదే కంచంలో అదే తింటూ కనబడితే ఇంకా తేలిక. పాఠం వల్ల, భయం వల్ల, బహుమతి వల్ల వచ్చే అలవాటు ఆ కారణం పోగానే పోతుంది. నా స్టిక్కర్లకి పట్టిన గతి అదే.

నా సొంత కథ కూడా ఇంతే. మాది సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దగ్గర ఊరు. మా నాయనమ్మ చిన్నతనంలో రోజూ జొన్న గట్క, జొన్న రొట్టె. వరి అన్నం పండక్కో చుట్టాలొస్తేనో. తర్వాత కాలువలు, బోర్లు వచ్చాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్లకి లేదు. దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. బియ్యం చేతికి దగ్గరైంది, చవకైంది, గౌరవమైన తిండి అయింది. జొన్న పేదవాళ్ల తిండిగా మిగిలింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్క తరంలో ఊళ్లకు ఊళ్లు తినే గింజనే మార్చుకున్నాయి.

నేను బీఈడీ చదివేటప్పుడు హాస్టల్‌కి మా నాయనమ్మ జొన్న రొట్టెలు, పుంటికూర తొక్కు కట్టి పంపేది. నా రూమ్‌మేట్లు ఏమనుకుంటారోనని ఆ మూట మంచం కింద పెట్టి, రాత్రి లైట్లు ఆర్పాక తినేదాన్ని. ఆ బాబు గోడవైపు తిరిగి తినడం చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ మంచమే.

ఇప్పుడు చూడండి. సాయంత్రమైతే కొండాపూర్, మియాపూర్, కూకట్‌పల్లి రోడ్ల పక్కన పొయ్యి పెట్టుకుని, చేత్తో రొట్టె తట్టి పెనం మీద వేసే అక్కల ముందు కార్లు ఆగుతున్నాయి. ఐటీ కంపెనీల ట్యాగులు మెడలో ఉన్నవాళ్లే వరుసలో నిలబడుతున్నారు. ఎక్కువమంది డాక్టర్ షుగర్ టెస్ట్ రిపోర్ట్ చూపించాక మొదలుపెట్టినవాళ్లు. మంచిదే. కానీ మా క్లాసులో ఒక పాపని "మీ ఇంట్లో జొన్న రొట్టె తింటారా?" అని అడిగితే, "అది డాడీ రొట్టె మ్యామ్, షుగర్ ఉన్నవాళ్లది" అంది. ఒక తరంలో పేదవాళ్ల తిండి అన్నాం. ఇప్పుడు జబ్బు వాళ్ల తిండి అంటున్నాం. మామూలు తిండి ఎప్పుడవుతుంది?

వంద కిలోమీటర్ల దూరంలో

దీనికి జవాబు వెతకడానికి విదేశాలకి వెళ్లక్కర్లేదు. మన లింగంపల్లి దాటి ముంబై హైవే మీద వెళ్తే, హైదరాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లలో జహీరాబాద్. దాని పక్కన పస్తాపూర్. అక్కడ 1980లలో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థతో కలిసి చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళలు సంఘాలుగా ఏర్పడ్డారు. బీడు పడిన భూముల్లో మళ్లీ జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది పండించారు. బోరు నీళ్లు లేకుండా, వర్షం మీదే. 1990లలో ఊళ్లోనే జొన్నలు నిల్వచేసి, పేద ఇళ్లకి తక్కువ ధరకి ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు. అంటే రేషన్ బియ్యం ఏ దారిలో అలవాటైందో అదే దారిలో జొన్నని వెనక్కి తెచ్చారు: దగ్గరగా, చవకగా, గౌరవంగా. ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర చేస్తారు. ఎద్దుల బండ్ల మీద విత్తనాలు ఊరూరా ఊరేగుతాయి. ఈ సంస్థకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది.

వాళ్ల పొలాల్లో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఒకే చెలకలో పది పన్నెండు రకాల పంటలు కలిపి వేస్తారు. వాన ముందొచ్చినా, వెనకొచ్చినా, మధ్యలో ఎండినా, ఏదో ఒకటి చేతికొస్తుంది. ఒక్క పంట మీద ఆశ పెట్టుకున్నవాడికి ఆ ధీమా ఉండదు.

మన పిల్లల కంచం గురించి నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. మన పిల్లలు పెద్దయ్యే కాలంలో వాతావరణం ఇప్పటిలా నమ్మకంగా ఉండదు. 2023 జూలై గుర్తుందా? హైదరాబాద్‌లో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. ఆ నెల మీ ఇంట్లో ఏం చేశారు? చాలా ఇళ్లలో చింతపండు, మామిడికాయ, చింతచిగురు మళ్లీ కూరల్లోకి వచ్చాయి. అవి తినడం తెలిసిన ఇల్లు ఇబ్బంది పడలేదు. టమాటా లేకపోతే కూరే లేదనుకున్న ఇల్లు గింజుకుంది. తెల్లన్నం, చికెన్, బంగాళాదుంప వేపుడు, నూడుల్స్, ఈ నాలుగే తినే పిల్లవాడు ఒక్క పంట వేసిన పొలం లాంటివాడు. ఎన్ని రకాలు తినగలిగితే అంత ధీమా. పిల్లలకి భూమి గురించి భయం పెట్టేకంటే ఈ ధీమా ఇవ్వడం మేలు.

అన్నం మానమని నేను అనడం లేదు. నీళ్లు నిలబెట్టిన వరి మడిలో గాలి అందక, మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయన్నది నిజం. కిలో బియ్యానికి వేల లీటర్ల నీరు పడుతుందన్నదీ నిజం. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి మళ్లీ తడిపితే మీథేన్ బాగా తగ్గుతుందన్నది కూడా అంతే నిజం. ఆ పని రైతులూ, ప్రభుత్వమూ కలిసి చేయాల్సింది. మన వంతు చిన్నది. మన నగరంలోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. మన కంచాల్లో అన్నం వాటా దానికంటే చాలా ఎక్కువ. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర ఒక గరిటె పెంచితే ఒంటికీ మంచిది, భూమికీ మంచిది. రెండూ ఒకే దారిలో ఉన్నప్పుడు పిల్లలకి రెండోది ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు.

బకెట్ చెప్పిన నిజం

చార్ట్ తీసేశాక క్లాసు మూలలో ఒక స్టీలు బకెట్ పెట్టాను. మిగిలిన అన్నం, కూర అందులోనే వేయాలి. ఎవరు వేశారో రాయలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఐదు రోజులూ ఆ బకెట్ నిండింది. అందులో ఏముందో చెబితే మీరూ ఆలోచిస్తారు. తెల్లవారుజామున కలిపి, లంచ్ టైమ్‌కి పులిసిపోయిన పెరుగన్నం. అతుక్కుపోయిన నూడుల్స్. ఒక్క కొరుకు కొరికి, రంగు మారిందని వదిలేసిన యాపిల్ ముక్కలు. చపాతీలు రెండు తినే పిల్లకి పెట్టిన నాలుగు చపాతీలు. వాతావరణానికి మన క్లాసు చేసే అసలు హాని ఆ బకెట్‌లో ఉంది. నా స్టిక్కర్లు దాన్ని చూడనే లేదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసింది. అందులో అరవై శాతం ఇళ్లలోనే. మన దేశంలో ఇళ్లలో తలకి ఏడాదికి 55 కిలోలని అంచనా. పండించడానికి పోసిన నీళ్లు, ఎరువులు, రవాణాకి కాల్చిన డీజిల్ అన్నీ వృథా. పైగా ఆ తిండి చెత్తకుప్పలో కుళ్లి మళ్లీ మీథేన్ అవుతుంది. మన హైదరాబాద్ చెత్త ఎక్కువగా చేరేది జవహర్‌నగర్ డంప్ యార్డుకి. అక్కడి వాసనని భరించే పిల్లలు మన స్కూళ్లలో చదవరు.

ఇందులో స్కూల్ తప్పు కూడా ఉంది. దాచను. మన లంచ్ బ్రేక్ చిన్నది. చేతులు కడుక్కునే దగ్గర క్యూ, బాటిల్ నింపుకునే దగ్గర క్యూ పోగా తినడానికి మిగిలేది పది పన్నెండు నిమిషాలే. నెమ్మదిగా తినే పిల్లలు సగంలో మూత పెట్టేస్తారు. పుట్టినరోజుకి చాక్లెట్లు పంచేది కూడా సరిగ్గా లంచ్‌కి ముందే. ఈ రెండు సంగతులూ ప్రిన్సిపాల్ గారికి రాసి ఇచ్చాను. మీరు కూడా పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే బలం వస్తుంది.

నా తప్పూ ఉంది. నేను కొండాపూర్‌లో పీజీలో ఉంటాను. అలసిపోయి వచ్చి ఫోన్‌లో ఆర్డర్ పెట్టి, సగం తిని, సగం డబ్బాతో సహా పారేసిన రాత్రులు లెక్కలేనన్ని. మీ పరిస్థితి నాకు తెలియనిది కాదు. ఇద్దరూ ఉద్యోగాలు, రాత్రి పదింటికి అమెరికా కాల్స్, పొద్దున ఏడింటికి స్కూల్ బస్. ఈ పరుగులో 'సిరిధాన్యాల మెనూ' అని ఇంకో బరువు మీద వేయడం నా ఉద్దేశం కాదు. అందులోనూ ఆ బరువు ఎప్పుడూ అమ్మల మీదే పడుతుంది. అందుకే నాన్నలూ ఇది చదవాలని కోరుకుంటున్నాను.

ఒక్కటే అడుగుతున్నాను

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో ఒక పరిశీలన చేసింది. రోజూ ఒకే సందర్భంలో ఒకే చిన్న పని, ఉదాహరణకి మధ్యాహ్నం భోజనంతో ఒక పండు తినడం, చేయమన్నారు. ఆలోచించకుండానే ఆ పని జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలింది. కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా చూశారు. నాకు బాగా ధైర్యం ఇచ్చిన మాట ఇదే. ఈ నెల మొదలుపెడితే సంక్రాంతి సెలవుల నాటికి ఒక అలవాటు ఇంట్లో స్థిరపడొచ్చు.

కాబట్టి ఇంటికి ఒక్కటి ఎంచుకోండి. ఒక్కటే.

రాత్రి భోజనంలో రోజూ ఒక ఆకుకూర కావచ్చు. పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర, ఏదైనా. మొదట మీ కంచంలో పెట్టుకోండి. పిల్లల కంచంలో ఒక్క చెంచా చాలు. తినకపోతే ఏమీ అనకండి. మర్నాడు మళ్లీ చెంచా. భూమి గురించి, ఆరోగ్యం గురించి భోజనం దగ్గర ఉపన్యాసం వద్దు.

లేదా మీ ఇంటి పాత గింజ ఒకటి వెనక్కి తీసుకురండి. మాకు జొన్న రొట్టె. రాయలసీమ వాళ్లకి రాగి సంకటి. ఉత్తరాంధ్ర వాళ్లకి చోళ్ల అంబలి. మీ ఇంట్లో వంట చేసే అక్క ఏ ఊరి మనిషో అడిగి చూడండి. నారాయణఖేడ్ వైపో, పాలమూరు వైపో అయితే రొట్టె తట్టడం ఆమె చేతికి పుట్టుకతో వచ్చిన విద్య. మా తోటి టీచర్ ఒకరు అడిగితే వాళ్లింటి అక్క ఆశ్చర్యపోయి "మీరు గూడ తింటరా మేడమ్?" అందట. ఇన్నేళ్లూ చపాతీలే చేయించుకున్నారు మరి.

లేదా బాక్స్ సైజు తగ్గించండి. రాత్రే పిల్లల్ని అడగండి, "రేపు నువ్వెంత తినగలవు?" అని. వాళ్లనే పెట్టుకోనివ్వండి. తక్కువ పెట్టుకుని ఆకలేస్తే మర్నాడు వాళ్లే సరిచేసుకుంటారు. ఆ పూటకి పక్క పిల్లల బాక్సులు ఉన్నాయి. పంచుకుని తినడం కూడా నేర్చుకోవాల్సిందే.

లేదా ఆదివారం ఒక గంట యాప్ పక్కన పెట్టి, కేపీహెచ్‌బీ రైతు బజారుకో, మెహదీపట్నం రైతు బజారుకో పిల్లల్ని తీసుకెళ్లండి. పేరు తెలియని ఒక కూర వాళ్లనే కొనమనండి. మా క్లాసులో బ్రకోలీ, కివీ తెలియని పిల్లలు లేరు. దొండకాయనీ పొట్లకాయనీ పక్కపక్కన పెడితే తడబడేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీలో కొందరు అనొచ్చు, "కంపెనీలు, కార్లు, కరెంటు ప్లాంట్లు వదిలేసి మా పిల్లల టిఫిన్ మీద పడ్డారేంటి?" అని. న్యాయమైన మాట. ఒక బాక్స్ వల్ల భూమి వేడి తగ్గదు. పదేళ్ల పిల్లల మీద ఆ బాధ్యత పెట్టకూడదని చెప్పడానికే ఇంత రాశాను. కానీ ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో సుమారు మూడో వంతు పొలం నుంచి కంచం దాకా సాగే ఆహార వ్యవస్థవే. ఈ పిల్లలు ఇంకో అరవై డెబ్బై ఏళ్లు తింటారు. పదేళ్ల వయసులో నాలుక నేర్చుకున్నది అన్నేళ్లూ వాళ్ల వెంట వెళుతుంది. మనం సగటు భారతీయుల్లా తినడం మానేసి చాలాకాలమైంది. ఆ 0.84 లెక్క మన నానమ్మలదే తప్ప హైటెక్ సిటీది కాదని మనకి తెలుసు.

చార్ట్ ఉన్న చోట ఇప్పుడు ఒక ఖాళీ కాగితం అతికించాను. పైన ఏమీ రాయలేదు. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, మేం ఎప్పుడూ వినని తిండి పేరు ఒకటి తెచ్చి దాని మీద రాయమన్నాను. సర్వపిండి, చెన్నంగి ఆకు పొడి, ఉలవచారు, తైద అంబలి, సజ్జ మలీద, ఇలా నిండుతోంది. ఆ బాబు నానమ్మని ఫోన్‌లో అడిగి తలకాయ కూర అని రాశాడు. పక్కనే ఇంకో పాప ముద్దపప్పు అని రాసింది. స్టిక్కర్లు లేవు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు తెరిచే ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను: "మీ ఇంట్లో ఏది ఎంచుకున్నారు?" జవాబు "ఇంకా ఏమీ లేదు" అయినా ఫర్వాలేదు. నేను ఎంచుకున్నది ముందే చెబుతున్నాను: పీజీలో వారానికి నాలుగు రాత్రులు ఆర్డర్ మానేసి, రోడ్డు పక్క అక్క దగ్గర రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర పప్పు. ఈసారి మంచం కింద కాదు, అందరి మధ్యా కూర్చునే తింటున్నాను. ఇవాళ్టికి పదకొండో రోజు. మధ్యలో రెండు రోజులు తప్పాను.

మీ,
ఐదో తరగతి క్లాస్ టీచర్